చెప్పకుండా వదిలేసిన కొస

మా మావయ్య దృష్టిలో నేను చాలాకాలం డ్రైవర్నే. ఇంజనీరింగ్ అయ్యాక విజయనగరంలో ఒక చిన్న కంపెనీలో చేరి "డ్రైవర్లు రాస్తాను మావా" అని చెప్పినప్పుడు ఆయన కాసేపు ఆలోచించి, "రాసీడమెందుకురా, తోలీయొచ్చు కదా" అన్నాడు. అప్పట్నుంచి ఊళ్లో ఎవరికైనా ట్రాక్టరు తోలేవాడు కావాల్సొస్తే నా పేరే చెప్పేవాడు. నేను రాసేది కంప్యూటర్‌కి తగిలించిన యంత్రాన్ని ఆ కంప్యూటర్ చేత నడిపించే ప్రోగ్రామని రెండుసార్లు వివరించి మానేశాను. తర్వాత జరిగింది చూస్తే, ఆయన సలహా విని ఉంటే లోకానికి తక్కువ నష్టం జరిగేదనిపిస్తుంది. ట్రాక్టరు బోల్తాపడితే కనీసం పదిమందికీ కనపడుతుంది.

రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటి వేసవి అది. మా కంపెనీ అంటే బట్టల కొట్టు మేడ మీద రెండు గదులు, నలుగురు మనుషులు, ఒక యజమాని. మేం తయారుచేసిన వస్తువు మొక్కజొన్న గింజల్లో తేమ కొలిచే యంత్రం. అందులో గుప్పెడు గింజలు పోస్తే తేమ ఎంతో ఒక తీగ గుండా కంప్యూటర్లోకి వెళ్తుంది, అక్కణ్ణుంచి చీటీ అచ్చవుతుంది. తేమ పద్నాలుగు శాతం దాటితే గింజ తీసుకోరు. గజపతినగరం అవతల ఒక కొనుగోలు కేంద్రం వాళ్లు మా యంత్రాన్ని కొన్నారు. వాళ్ల ఖర్మ.

నిజానికి ఆ యంత్రానికి ప్రత్యేకంగా డ్రైవర్ రాయక్కర్లేదు. బజారులో దొరికే మామూలు చిప్ ఒకటి పెడితే, ఆ కంప్యూటర్‌ని నడిపే లినక్స్‌లో ముందే ఉన్న డ్రైవరుతో పని జరిగిపోయేది. కాని కెర్నెల్ లోపల కోడ్ రాశానని నలుగురిలో చెప్పుకోవాలన్న దురద నాకుండేది. కెర్నెల్ అంటే కంప్యూటర్‌కి గుండెకాయ. బయట తిరిగే ప్రోగ్రాము తప్పు చేస్తే అదొక్కటే చస్తుంది. కెర్నెల్‌లో తప్పు చేస్తే మొత్తం కంప్యూటర్ కొయ్యబారిపోతుంది. గుండె ఆపరేషన్ చెయ్యాలని సరదాపడ్డ మంగలిలాగా నేను అందులో చెయ్యి పెట్టాను.

పని చూడ్డానికి చిన్నదే. తీగ గుచ్చగానే కెర్నెల్ నా కోడ్‌ని లేపి "యంత్రం వచ్చింది" అంటుంది. నేను కొంచెం మెమరీ తీసుకుని అందులో ఆ యంత్రం వివరాలు రాసిపెట్టుకుంటాను. తెర మీద అంకెలు చూపించే ప్రోగ్రాము కూడా ఆ చోటునే నమ్ముకుని పనిచేస్తుంది. తీగ పీకగానే కెర్నెల్ మళ్లీ లేపి "యంత్రం పోయింది" అంటుంది. పోయింది కదా అని నేను ఆ చోటును అక్కడికక్కడే ఖాళీ చేసి ఇచ్చేసేవాణ్ణి. తెర మీది ప్రోగ్రాము ఇంకా అందులోనే ఉందన్న ఇంగితం నాకు లేదు. యజమాని ఊరెళ్లాడని, అద్దెకున్నవాడు స్నానం చేస్తుండగా ఇల్లు పడగొట్టినట్టు. ఆ ప్రోగ్రాము తువ్వాలు కట్టుకుని తలుపు తీసేసరికి అక్కడ తలుపు ఉండదు. కంప్యూటర్ కొయ్యబారిపోతుంది.

ఇలా జరక్కుండా ఒక పద్ధతి ఎప్పట్నుంచో ఉంది. ఆ చోటును ఎంతమంది పట్టుకున్నారో లెక్క పెట్టుకోవాలి. పట్టుకున్న ప్రతివాడికీ ఒకటి కలపాలి, వదిలిన ప్రతివాడికీ ఒకటి తీసెయ్యాలి. లెక్క సున్నాకి వచ్చినప్పుడు, ఆఖరున వదిలినవాడు ఖాళీ చెయ్యాలి. దీన్ని రిఫరెన్స్ కౌంట్ అంటారు. అంతా కలిపి రెండో తరగతి కూడిక, తీసివేత. నేను మరీ పెద్ద చదువు చదివాను కాబట్టి అది నాకు అక్కర్లేదనుకున్నాను.

పరీక్షించలేదా అంటే, వందసార్లు పరీక్షించాను. కాని నేను మర్యాదస్తుణ్ణి. ముందు తెర మీది ప్రోగ్రాముని మూసేవాణ్ణి, ఒక్క క్షణం ఆగేవాణ్ణి, తర్వాత తీగను పువ్వు కోసినట్టు తీసేవాణ్ణి. వందసార్లూ బ్రహ్మాండంగా పనిచేసింది. మా యజమాని నా భుజం తట్టి, బిస్కెట్ ప్యాకెట్టు తెప్పించాడు. ఆ బిస్కెట్లు నేను మొహమాటం లేకుండా తిన్నాను.

రెండు వారాలకి కొనుగోలు కేంద్రం నుంచి ఫోను వచ్చింది. అక్కడ కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి బాప్టిస్టు చర్చి మిషన్ కాంపౌండులో పెరిగింది. ఆదివారాలు చర్చి క్వయర్‌లో పాడుతుందట. అందుకే ఫిర్యాదు కూడా శ్రుతి తప్పకుండా చేసేది.

"సార్, మజ్జాన్నం పూట బిగిసిపోతన్నాది సార్. మౌసు కూడా కదల్దు. ఆపి మళ్లీ లేపితేగాని మాటినదు."

"వోల్టేజీ అని సెప్పవయ్యా" అన్నాడు పక్కనున్న మా యజమాని. మా కంపెనీకి మూడు జవాబులుండేవి: వోల్టేజీ, వైరసు, ఎర్తింగు. ఆ మూడూ వరసగా చెప్పాక ఇంకా ఫోను వస్తుంటే నేను వెళ్లాలి. వెళ్లాను. ఎండ నిప్పులు చెరుగుతున్న ఒక ఉదయం వెళ్లి కూర్చుంటే యంత్రం మహా బుద్ధిగా పనిచేసింది.

"మీరొస్తే ఇలాగే ఉంటాది సార్" అందా అమ్మాయి. "అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలాగ."

తిరిగొచ్చి "వాడకంలో లోపం" అని రిపోర్టు రాశాను. వాడినవాళ్లలో లోపమని అర్థం. ఆ అక్షరాలు చక్కగా, గుండ్రంగా రాశాను కూడా.

ఆ అమ్మాయి ఊరుకునే రకం కాదు. ఈసారి కొయ్యబారిన తెరను ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. తెల్లటి అక్షరాలు చాలా ఉన్నాయి గాని, అన్నిటికన్నా పైన "యంత్రం పోయింది" అని నేనే రాసిన వరస కనపడింది. దాని కిందంతా మరణ వాంగ్మూలం. వెంటనే ఫోను చేశాను.

"అమ్మా, ప్రోగ్రాము నడుస్తుండగా తీగ పీకారా?"

"ఉరిమింది కద సార్."

"ఉరిమితే పీకేస్తారా?"

"మీరు పీకరేటి సార్?"

మా వైపు మొదటి ఉరుము వినపడగానే జనం చేసే మొదటి పని తీగలు పీకడం. మా ఇంట్లో అమ్మ టీవీ తీగ పీకేది, నాన్న డిష్ తీగ పీకేవాడు, నాకు మిగిలిన ఫోను చార్జరు నేను పీకేవాణ్ణి. పిడుగు ఎవరి ఇంటికొస్తుందో తెలియదు కాబట్టి మా ప్రాంతంలో వేసవి మధ్యాహ్నం అంతా పీకడం, గుచ్చడంతోనే సరిపోతుంది. అలాంటి చోట పుట్టి, పాతికేళ్లు నా చేతులతో నేను తీగలు పీకి, తీరా డ్రైవర్ రాయడానికి కూర్చున్నప్పుడు ఉరుమన్నదే లేని దేశం కోసం రాశాను.

మా యజమానికి ఇది చెబితే ఆయన ఎర్రటి స్టిక్కరు ఒకటి అచ్చు వేయించాడు: "ప్రోగ్రాము మూయకుండా తీగ పీకరాదు." దాన్ని యంత్రం మీద అంటించమని పంపాడు.

"అంటించాను సార్" అంది ఆ అమ్మాయి ఫోనులో. "ఉరుము ఆగి సదువుకుంటాదేటి?"

అప్పుడైనా లెక్క పెట్టే పద్ధతికి రావాలి. నేను రాలేదు. నాకు ఇంకా సులువైన ఉపాయం తోచింది: ఖాళీ చేస్తే కదా గొడవ, అసలు ఖాళీయే చెయ్యను! తీగ పీకినా ఆ చోటు అలాగే ఉంచేస్తాను. మళ్లీ గుచ్చితే కొత్త చోటు తీసుకుంటాను. కోడ్‌లో ఒక్క వరస చెరిపేస్తే సరిపోయింది. కంప్యూటర్ కొయ్యబారడం ఆగిపోయింది. యజమాని మళ్లీ బిస్కెట్లు తెప్పించాడు. నేను మర్చిపోయినది ఒకటే. మొదట్లోనే నా కోడ్‌లో ఎనిమిది యంత్రాలకి ఎనిమిది గదులు కట్టాను, ఎవరు మాత్రం ఎనిమిదికన్నా ఎక్కువ పెడతారులే అని. ఇప్పుడు పీకి గుచ్చినప్పుడల్లా పాత గది తాళం పడే ఉంటుంది, కొత్త గది ఒకటి ఖర్చవుతుంది. ఎనిమిదిసార్లు గుచ్చితే సత్రం నిండిపోతుంది. కంప్యూటర్‌ని ఆపి మళ్లీ లేపేదాకా తొమ్మిదోసారి వచ్చిన యంత్రానికి చోటుండదు.

ఆ వారంలోనే మావయ్య ఫోను చేశాడు. మా అమ్మకి ఒక్కడే తమ్ముడు. రెండెకరాల మెట్ట, ఆ ఏడు మొత్తం మొక్కజొన్నే వేశాడు.

"ఒరే అల్లుడా, నీ మిషను మా కాడికి వొచ్చీసిందంట. రేపు నా కుప్ప యార్డుకి తెస్తన్నాను. వారం దినాలు రోడ్డు మీద ఎండబెట్టి తిరగేసినాను, గింజ గలగలమంటన్నాది. ఇప్పుడు గాని తడిసిందా, నల్లబడిపోయి మొలకొచ్చీసి ఈయేడు పంటంతా పోతాది. నువ్వొచ్చి దగ్గిరుండి కానిచ్చీ."

మేనల్లుడి హోదాలో వెళ్లాను. ఆ కొనుగోలు కేంద్రం యార్డులో పద్ధతి ఏమిటంటే, తేమ అంకె వచ్చి చీటీ అచ్చయితేనే కుప్ప రేకుల షెడ్డులోకి వెళ్తుంది. అందాకా ఆరుబయటే. మావయ్యకన్నా ముందు నలుగురున్నారు. ఆకాశం మధ్యాహ్నం నుంచీ గొణుగుతోంది. గొణిగినప్పుడల్లా కిటికీ లోపల ఆ అమ్మాయి తీగ పీకుతోంది, బయట రైతులు అరిస్తే మళ్లీ గుచ్చుతోంది. నేను బయట నిలబడి, చూడండి ఎన్నిసార్లు పీకినా ఏమీ కాలేదు అని లోలోపల మురిసిపోతున్నాను. లెక్క మాత్రం పెట్టుకోలేదు. లెక్క పెట్టే అలవాటే ఉంటే ఈ కథే లేదు.

మావయ్య వంతు వచ్చి, గుప్పెడు గింజలు లోపలికి తీసుకెళ్లేసరికి గాలి లేచింది. పడమటి వైపు మబ్బు నల్లగా దిగింది. కుప్ప మీద టార్పాలిన్ బరకం పరిచారు గాని ఆ గాలికి అంచుల మీది రాళ్లు ఆగడం లేదు. అందుకని చుట్టూ మనుషులు నిలబడి బరకం కొసలు చేత్తో పట్టుకున్నారు. ఎవరి కుప్పకైనా అందరూ పట్టడం అక్కడ మామూలే. నాకు ఉత్తరపు కొస ఇచ్చారు. పక్కవాడికి తన బండి ఎద్దులు గుర్తొచ్చాయి.

"ఒగ్గేత్తన్నానొరే!" అని అరిచాడు. వదల్లేదు. అలాగే నిలబడ్డాడు.

"ఒగ్గీ, అట్టుకున్నాను!" అని ఇంకొకడు వచ్చి ఆ అంచు చేతిలోకి తీసుకున్నాక గాని వాడు కదల్లేదు. అలా పది నిమిషాల్లో ముగ్గురు మారారు. ముగ్గురూ అరిచారు, ముగ్గురికీ జవాబు వచ్చింది, బరకం బెత్తెడు కూడా లేవలేదు. వీళ్లకి ప్రతిదానికీ కేకలేనా అనుకున్నాను.

అప్పుడు కిటికీలోంచి ఆ అమ్మాయి పిలిచింది.

"సార్! మిషను లేదంటన్నాది సార్!"

"పీకి మళ్లీ పెట్టమ్మా!"

"ఎన్నిసార్లు పెట్టమంటారు సార్? పొద్దుట్నించి ఎనిమిదిసార్లు పెట్టాను!"

ఎనిమిది అన్న మాట వినగానే నా ఎనిమిది గదులూ కళ్లముందు తాళాలేసుకుని కనపడ్డాయి. నేను పరుగెత్తాను. చేతిలో ఉన్న కొసను ఎవరికీ ఇవ్వలేదు, ఎవరితోనూ చెప్పలేదు. వదిలేసి పరుగెత్తాను.

వెనక పెద్ద చప్పుడైంది. గదిలోకి వెళ్లి కంప్యూటర్‌ని ఆపి మళ్లీ లేపుతూ కిటికీలోంచి చూశాను. ఉత్తరపు వైపు నుంచి గాలి దూరి బరకం నిలువునా లేచింది. మిగతావాళ్ల చేతుల్లోంచి ఒక్కొక్క కొసే జారిపోయింది. వాన దబ్బున పడింది. కంప్యూటర్ పాతది, తాపీగా లేచింది. అది లేచేసరికి బయట కుప్ప చుట్టూ నీళ్లు కాలవ కట్టాయి. అమ్మాయి డబ్బాలో ముందే పోసి ఉంచిన పొడి గింజలు కొలిచింది. పదమూడు. చీటీ ముచ్చటగా అచ్చయింది: "తీసుకోవచ్చు."

ఆ చీటీ వంక, కిటికీ వంక మార్చి మార్చి చూసింది. "ఇది ఇవ్వలేను సార్" అని రెండుగా చించేసింది.

వాన ఇరవై నిమిషాల్లో ఆగిపోయింది. మావయ్య తడి కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి తీశాడు.

"ఉత్తరపు మూలట్టుకున్నోడెవడ్రా?"

అక్కడున్న ఎవరూ నా పేరు చెప్పలేదు. అందరూ నా వైపు చూశారు.

"నేనే మావా. లోపల కంప్యూటర్ ఆగిపోతే..."

"అదాగితే ఆగింది. సెప్పి ఒగ్గాలి కదరా! ఏడేళ్ల గుంటడు కూడా సెప్పి ఒగ్గుతాడు. ఇంకొకడు అట్టుకునీదాకా నిలబడతాడు. నీకు కంపెనీలో అదీ సెప్పలేదేటి?"

చెప్పారు మావా, పుస్తకంలోనే ఉంది అని అందామనుకున్నాను. అదృష్టం బాగుండి అనలేదు.

ఇక్కడ నాకు జ్ఞానోదయమైందని రాయాలని నాకూ ఉంది. అయినవి చీవాట్లు. అవి నాలుగు రోజులపాటు విడతలవారీగా అయ్యాయి, ఎందుకంటే సెలవు పెట్టి ఆ తడిసిన గింజంతా నేనే ఎండబెట్టాలని అత్త తీర్పు చెప్పింది. ఊరి రోడ్డు మీద గింజలు పలచగా పరిచి, గంటకోసారి కాళ్లు ఈడుస్తూ చాళ్లు తీసి తిరగెయ్యాలి. దారిన పోయేవాళ్లు ఆగి, "ఏటి బావూ, కంపెనీ మార్చీసేవేటి?" అని పలకరించేవారు. ఒక ముసలమ్మ నా అడుగులు చూసి, "గింజలు తిరగేత్తన్నావో, ముగ్గేత్తన్నావో తెల్దు" అంది.

చాళ్లకీ చాళ్లకీ మధ్య వేపచెట్టు నీడలో ల్యాప్‌టాప్ తెరిచి డ్రైవర్‌ని మళ్లీ రాశాను. ఆ చోటును పట్టుకునేవాళ్లు ముగ్గురు: గుచ్చిన తీగ ఒకటి, తెర మీది ప్రోగ్రాము ఒకటి, మధ్యలో ఆగిపోయిన కొలత ఒకటి. ముగ్గురికీ లెక్క పెట్టాను. తీగ పీకితే "ఇక యంత్రం లేదు" అని మిగతా ఇద్దరికీ తెలిసేలా రాసిపెట్టి, తన ఒక్కటి తీసేసుకుని తప్పుకుంటుంది. ఆఖరున వదిలినవాళ్లు ఖాళీ చేస్తారు. గదికి తాళం పడదు, ఇల్లు ఎవరి నెత్తినా కూలదు. మొదటిసారి రాసినప్పుడు ఒకే మనిషిని రెండుసార్లు తీసేసి మళ్లీ ల్యాప్‌టాప్‌ని కొయ్యబార్చాను. రెండో తరగతి తీసివేత నాకు రెండో రోజుకి గాని రాలేదు.

పరీక్షకి మాత్రం నన్ను నేను నమ్మలేదు. కంపెనీ నుంచి ఇంకో యంత్రం తెప్పించి, అరుగు మీద పెట్టి మావయ్యను కూర్చోబెట్టాను.

"నీ ఇష్టం వచ్చినప్పుడు పీకు మావా. నాతో చెప్పొద్దు."

ఆయన ఆ తీగను నా మీద కోపమంతా తీరేలా పీకాడు. అంకె వస్తుండగా పీకాడు, రాకముందు పీకాడు, సగం గుచ్చి పీకాడు, మజ్జిగ తాగుతూ ఎడంచేత్తో పీకాడు. ఎన్నిసార్లో ఈసారి నేను లెక్క పెట్టాను: అరవై మూడు. ల్యాప్‌టాప్ చెక్కుచెదరలేదు.

"బాగైందేటి?" అన్నాడు.

"బాగైంది మావా."

"నాలుగు దినాల ముందు అవ్వలేకపోయిందేటి?" అని లేచి వెళ్లిపోయాడు.

ఐదో రోజు కుప్పను మళ్లీ యార్డుకి తీసుకెళ్లాం. కొత్త డ్రైవర్ ఎక్కించి, గింజలు పోసి, అంకె తిరుగుతుండగా ఉరిమింది. అమ్మాయి నా వైపు చూడనైనా చూడకుండా తీగ పీకేసింది. తెర మీద "యంత్రం లేదు, మళ్లీ గుచ్చండి" అని వచ్చింది. మౌసు కదులుతోంది. ఉరుము దాటిపోయాక గుచ్చింది. పదమూడున్నర. చీటీ వచ్చింది.

"ఇదే ముందే సేసుంటే సార్..." అని ఆగిపోయింది. మిగిలింది ఆదివారం క్వయర్‌లో పాడుకుని ఉంటుంది.

ఇంతలో మా యజమాని ఫోను. బాగైందని చెప్పాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అయితే కరపత్రంలో వేయిద్దామయ్యా: మా మిషను ఉరుముల్లో కూడా పీకొచ్చు!" అన్నాడు. వేయించాడు కూడా. పెద్ద అక్షరాలతో, పక్కన మెరుపు బొమ్మతో.

కుప్పలో ఎక్కువ భాగం షెడ్డులోకి వెళ్లింది. ఉత్తరపు మూల గింజ మాత్రం ఎంత ఎండబెట్టినా నలుపు పోలేదు. అది మూడు బస్తాలయింది. కేంద్రం వాళ్లు వాటిని పక్కకి నెట్టేశారు. మావయ్య వాటిని వెనక్కి లాగాడు. మూడు మూతులూ తాడుతో కట్టి, నా కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఇవి నీయి. అట్టుకెల్లు."

"నేనేం చేసుకోను మావా?"

"నాకు మట్టుకు ఏటి తెలుసు? సదువుకున్నోడివి."

మూడు బస్తాల బూజు మొక్కజొన్నతో విజయనగరం బస్సెక్కాను. కండక్టరు ముక్కు మూసుకుని నన్ను వెనక సీటుకి పంపాడు. అద్దె ఇంటికి చేరాక, ఇంటావిడ కోళ్లకి పెడదామంటే బూజని ఆవిడ ఒప్పుకోలేదు. మర్నాడు పెరట్లో గొయ్యి తవ్వాను. రెండో బస్తా కుమ్మరిస్తుండగా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఇంత మొక్కజొన్న ఎవరిచ్చేరు బాబూ?" అంది.

"మా మావయ్యండీ."

"మంచాయన," అంది ఆవిడ. "ఈ రోజుల్లో మేనల్లుడికి అంతంత ఎవరిస్తన్నారు?"

మూడో బస్తా మూతి విప్పాను.